అట్టముక్కపై అశ్వికదళం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో సిగరెట్టు పెట్టె తెరిచినవారికి లోపల ఒక రంగుల అట్టముక్క కనిపించేది. పొడవు దాదాపు రెండున్నర అంగుళాలు, వెడల్పు ఒకటిన్నర. ముందువైపు బొమ్మ, వెనుకవైపు దానిని గురించిన నాలుగు మాటలు. మొదట దీని పని వేరు. మెత్తని కాగితపు పొట్లంలో సిగరెట్లు నలగకుండా ఉండేందుకు పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో అమెరికా వ్యాపారులు బిరుసైన అట్టను లోపల పెట్టేవారు. ఖాళీగా ఉన్న ఆ అట్టపై బొమ్మ వేయాలన్న ఆలోచన తరువాత పుట్టింది. ఇరవై అయిదో, యాభయ్యో బొమ్మలను ఒక వరుసగా కూర్చి, ఒక్కొక్కదానికి సంఖ్య ఇచ్చారు. వరుస పూర్తి కావాలంటే అదే రకం సిగరెట్లు మళ్ళీ మళ్ళీ కొనాలి. పొగ అలవాటు చేయడానికి పన్నిన ఉపాయమే అయినా, బొమ్మల కోసం పెద్దల వెంటపడింది మాత్రం పిల్లలు.

ఈ కార్డులకు సికింద్రాబాదుతో సంబంధం సైనిక శిబిరం ద్వారా ఏర్పడింది. మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఈ కంటోన్మెంటులో, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో తెల్లసైనికులు, భారతీయ సైనికులు బారులు తీరి ఉండేవారు. భారతదేశంలోని సిపాయిలకు అమ్మిన సిగరెట్లలో విల్స్ కంపెనీ వారి ‘సిజర్స్’ ఒకటి. మనవాళ్ళకు అది కత్తెర మార్కు. 1912లో ఆ పెట్టెలలో భారతీయ సైనిక దళాల బొమ్మల వరుస వెలువడింది. తలపాగా, నడికట్టు, రంగుల దుస్తులు ఎంతో శ్రద్ధగా చిత్రించారు. దళం పేరు ఉంది. బొమ్మలోని మనిషి పేరు మాత్రం లేదు.

రెండేళ్ళకే యుద్ధం వచ్చింది. 1914లో సికింద్రాబాదు అశ్విక బ్రిగేడు ఫ్రాన్సుకు తరలివెళ్ళింది. 1916 జూలై 14న సోమ్ నదీ ప్రాంతంలో హైవుడ్ అనే అడవి వద్ద ఆ బ్రిగేడుకు చెందిన 20వ దక్కన్ హార్స్, 7వ డ్రాగూన్ గార్డ్స్ దళాల రౌతులు బల్లేలు పట్టి, ఎదిగిన పంటచేల మీదుగా శత్రువుపైకి దూకారు. మరతుపాకుల కాలంలో బల్లెం! ఆ అడవి చేజిక్కింది సెప్టెంబరులో గాని కాదు. ఈ సంగతి తెలిసినవాడు 1912 నాటి బొమ్మను చూస్తే, మెరిసే బొత్తాల మీద చూపు నిలవదు.

ఇటువంటి కాగితాలను పోగుచేయడం పిల్లచేష్ట అనుకునేవారు లేకపోలేదు. అమెరికాలో జెఫర్సన్ బర్డిక్ అనే కార్మికుడు కీళ్ళవాతంతో వేళ్ళు వంకరలు తిరిగిపోయినా మూడు లక్షలకు పైబడి కార్డులను, ముద్రిత కాగితాలను సేకరించి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. వాటిని ఆల్బములలో అమర్చే పనిని 1963 జనవరిలో ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు. ఎక్కడెక్కడివో చిల్లర బొమ్మలకు వరుసలు, గుర్తులు కల్పించి అతడు రూపొందించిన పట్టికను సేకర్తలు నేటికీ వాడుతున్నారు.

మన ఊళ్ళలో ఇటువంటి కాగితాలకు తూకమే గతి. తాతగారి పెట్టె తెరిచినప్పుడు పాత ఉత్తరాలతో పాటు ఇవీ పాతకాగితాల బండిలోకి పోతాయి. మిగిలినవాటికి వానకాలపు చెమ్మ, చెదలు శత్రువులు. జిగురుతో అతికిస్తే వెనుక రాత పోతుంది. అంటుడు టేపు కొన్నేళ్ళకు పసుపు మచ్చ మిగులుస్తుంది. నకళ్ళూ ఉన్నాయి. భూతద్దంలో చూస్తే రాతి అచ్చులోని చుక్కలు ఒక పద్ధతి లేకుండా చెదిరి ఉంటాయి. నేటి అచ్చులో అవి క్రమం తప్పవు.

విపణిలో మచ్చలేని కార్డుకే ధర. మూలలు అరిగితే సగానికి సగం పడిపోతుంది. వెనుక పెన్సిలుతో ఏ పిల్లవాడో తన పేరు రాసుకుంటే మరింత తగ్గుతుంది. బొమ్మలోని సైనికుడికి ఎలాగూ పేరు లేదు. ఆ కార్డుపై ఉన్న మనిషి పేరు అదొక్కటే. దానిని రబ్బరుతో తుడిచి, శుభ్రమైన కార్డని అమ్మేవారూ ఉన్నారు.