పేరు వెతికిపెట్టి పక్కకు తప్పుకో

చి. అపూర్వకు చిన్నతాతయ్య ఆశీస్సులు.

మీ ఊరి పార్కుకు వియత్నాం యుద్ధ స్మారక గోడ వస్తోందనీ, స్కూలు తరఫున నువ్వు వాలంటీరుగా పేరిచ్చావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సర్వీసు అవర్ల కోసమే ఇచ్చావని కూడా చెప్పిందిలే. ఫరవాలేదు. ఏ కారణాన వెళ్లినా వెళ్లడమే కావాలి. అమెరికా వచ్చి నీకు ఎంతో కాలం కాలేదు. ఆ యుద్ధం గురించి మీ పాఠంలో ఉన్నది నాలుగు పేజీలకు మించదు. నేనేమో అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్లకు వీఏ ఆసుపత్రిలో, అంటే మాజీ సైనికుల ఆసుపత్రిలో, వైద్యం చేస్తూ రిటైరైనవాణ్ణి. అందుకని ఉత్తరం కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదువు.

అసలు గోడ వాషింగ్టన్‌లో ఉంది. జ్యాన్ స్క్రగ్స్ అని ఆ యుద్ధంలో గాయపడి వచ్చిన ఒక మాజీ సైనికుడు 1979లో పూనుకుని, చందాలతో 84 లక్షల డాలర్లు పోగుచేయించి కట్టించాడు. డిజైను కోసం పోటీ పెడితే 1,421 నమూనాలు వచ్చాయి. ఎవరివో తెలియకుండా వాటికి నంబర్లు మాత్రమే వేశారు. 1,026వ నంబరు గెలిచింది. పేరు విప్పి చూస్తే మాయా లిన్ అని యేల్ యూనివర్సిటీలో ఇంకా డిగ్రీ చదువుతున్న అమ్మాయి, 21 ఏళ్లది! విగ్రహం లేదు, గుర్రం లేదు, జెండా లేదు. నేలలోకి దిగిన నల్లరాతి గోడ, దాని మీద చనిపోయినవాళ్ల పేర్లు, అంతే. చాలామందికి మండింది. అది సిగ్గుతో చేసిన పని అన్నారు. రాజీ కింద దగ్గర్లోనే ముగ్గురు సైనికుల కంచు విగ్రహాలు 1984లో పెట్టారు. ఇవాళ జనం నిలబడేది మాత్రం గోడ దగ్గరే. 1982 నవంబరు 13న దాన్ని అంకితం చేశారు.

నువ్వు ఇండియా పిల్లవని తెలిసి ఎవరైనా పలకరిస్తే చెప్పడానికి ఒక సంగతి: ఆ నల్లరాయి మనదే. చీమకుర్తి రాయేమో అని సంబరపడకు, అది బెంగళూరు దగ్గరి క్వారీది. వెర్మాంట్‌లో కోసి నునుపు పెట్టి, టెనెసీలోని మెంఫిస్‌లో పేర్లు చెక్కారు. అయితే మీ ఊరికి వచ్చేది రాయి కాదు, కృత్రిమ గ్రానైటు. ఎవరైనా అడిగితే ఉన్నమాటే చెప్పు.

ఇలా ఊరూరా తిరిగే నకలు గోడ పుట్టిన తీరు కూడా తెలుసుకో. వాషింగ్టన్ గోడ ప్రారంభోత్సవానికి వెళ్లిన మాజీ సైనికుల్లో కాలిఫోర్నియా వాడు జాన్ డెవిట్ ఒకడు. వాషింగ్టన్ దాకా రాలేనివాళ్ల సంగతేమిటని మిత్రులతో కలిసి సగం సైజు నకలు చేశాడు. 1984లో టెక్సస్‌లోని టైలర్ ఊళ్లో దాన్ని మొదట నిలబెట్టారు. తర్వాత 1996లో స్క్రగ్స్ సంస్థ కూడా తన సొంత నకలును రోడ్డెక్కించింది. దాని పేరు ‘ద వాల్ దట్ హీల్స్’. మీ ఊరికి వస్తున్నది అదే. ఇప్పుడున్నది 2018 నుంచి తిరుగుతున్న ముప్పావు సైజుది. 375 అడుగుల పొడవు, మధ్యలో ఏడున్నర అడుగుల ఎత్తు, 140 ప్యానెళ్లు. అంతా 53 అడుగుల ట్రెయిలర్లో వస్తుంది. గోడ దించాక ఆ ట్రెయిలరే మ్యూజియం అవుతుంది. ఊళ్లోకి వచ్చేటప్పుడు మోటారు సైకిళ్ల మీద మాజీ సైనికులు ఎదురేగి తీసుకొస్తారు. స్కూలు ఎగ్గొట్టయినా సరే అది చూడు, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఇక నీ పని. వచ్చినవాళ్లకు కావలసిన పేరు వెతికిపెట్టడమే అందులో ముఖ్యం. పేర్లు 58,000కు పైగా ఉన్నాయి, అక్షర క్రమంలో ఉండవు. అలా పెడితే టెలిఫోన్ డైరెక్టరీ అయ్యేది, స్మిత్‌లే వందల మంది ఉన్నారు. చనిపోయిన తేదీల వరసలో ఉంటాయి, ఒకే రోజు పోయినవాళ్లకు మాత్రం లోపల అక్షర క్రమం. మొదలు ఎక్కడనుకున్నావు? ఎడమ చివర కాదు, మధ్యలో. గోడ రెండు రెక్కలూ కలిసే మూల నుంచి 1959 మొదలై, కుడి రెక్క వెంట చివరిదాకా పోతుంది. అక్కడ 1968 మే నెల. మిగతాది ఎడమ రెక్క కొసన అందుకుని మళ్లీ మధ్యకు వచ్చి 1975లో ఆగుతుంది. అంటే మొదట పోయినవాళ్లూ చివర పోయినవాళ్లూ ఒకే మూలలో ఆనుకుని ఉంటారు.

ఈ వరస ఎందుకు బాగా తెలుసుకోమంటున్నానంటే, వచ్చిన ముసలాయన ఒక పేరే అడుగుతాడు గానీ, దాని పక్కన, కింద ఉన్నవి కూడా ఆయనకు తెలిసిన పేర్లు కావచ్చు. ఒకే పోరులో పడినవాళ్లు గోడ మీద కూడా కలిసే ఉంటారు. ఒక పేరు కోసం వచ్చినవాడికి నలుగురు కనిపిస్తారు. నువ్వు అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. ప్యానెల్ నంబరు, లైను నంబరు చూసి తీసుకెళ్లి, పేరు చూపించి, రెండడుగులు వెనక్కి వచ్చెయ్యి. ఓదార్చబోకు. ఫోన్ తీసి ఫొటో అసలే తీయకు.

1968లో అక్కడ ఉన్నవాళ్లు చాలామంది వస్తారు, ఆ ఒక్క ఏడాదిలోనే పదహారు వేల మందికి పైగా పోయారు. రెక్కల కొసల్లో గోడ మోకాలి ఎత్తు కూడా ఉండదు. పేరు చూడాలంటే వంగాలి. వాళ్లిప్పుడు డెబ్బై అయిదు దాటినవాళ్లు. మడత కుర్చీ ఒకటి ముందే తెచ్చిపెట్టుకో. పేరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. చేతులు వణికితే కాగితం అంచులు నువ్వు పట్టుకో, రుద్దడం మాత్రం ఆయన్నే చేయనివ్వు.

గోడ కింద వస్తువులు వదిలి వెళతారు: ఉత్తరాలు, బూట్లు, పతకాలు, బీరు డబ్బాలు. వాషింగ్టన్‌లో అయితే విస్కాన్సిన్ వాళ్లు 1995లో ఒక హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిలునే వదిలేసి వెళ్లారు. అక్కడ వదిలినవాటిని నేషనల్ పార్క్ సర్వీస్ దాచిపెడుతోంది. మన పిల్లలకు శుభ్రం చేసే అలవాటు కాబట్టి చెబుతున్నాను, బీరు డబ్బాను చెత్తబుట్టలో వేయకు.

ఆయుధాల గురించీ, ఎవరినైనా చంపారా అనీ అడగకూడదని నీకు వేరే చెప్పనక్కర్లేదు. ‘థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్’ అని తొందరపడి అనడం కూడా కొందరికి నచ్చదు. వియత్నాంలో పోరాడి వచ్చినవాళ్లు ఒకరినొకరు ‘వెల్‌కమ్ హోమ్’ అని పలకరించుకుంటారు. తిరిగొచ్చినప్పుడు చాలామందికి ఆ మాట అనేవాళ్లే లేకపోయారు. నువ్వూ అదే అను. ఆయన మాట్లాడితే విను, మాట్లాడకపోతే ఊరుకో. గోడ పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది, జనం ఉండగా రాలేనివాళ్లు అర్ధరాత్రి వస్తారు. నీ వయసు పిల్లలకు ఆ డ్యూటీ వేయరనుకో.

నా సంగతి కొంచెం. నేను గుంటూరులో మెడిసిన్ ముగించి వచ్చేసరికి యుద్ధం ఇంకా నడుస్తోంది. మన దేశపు డాక్టర్లు అప్పట్లో దండిగా వచ్చారు. 1965 వలస చట్టం దారి తెరిచింది, ఆసుపత్రుల్లో మనుషులు చాలలేదు. నా దగ్గరికి వచ్చే ఆ కుర్రాళ్లు వెయిటింగ్ రూములో తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాళ్లు కాదు. నిద్ర లేదు, తాగుడు, ఏ ఉద్యోగమూ నిలవదు. ఏం రోగమని రాయాలో మాకు తెలిసేది కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన పుస్తకంలో పీటీఎస్‌డీ అని చేర్చింది 1980లో. అప్పటికి వాళ్లు తిరిగొచ్చి ఏళ్లు దాటిపోయాయి. ఏజెంట్ ఆరెంజ్ అని అడవుల ఆకు రాలగొట్టడానికి చల్లిన మందు వల్ల వచ్చిన జబ్బులను ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఇంకా కాలం పట్టింది.

నా పేషెంట్లలో ఒక్కడి పేరూ గోడ మీద ఉండదు. యుద్ధం తర్వాత ఏళ్లకు ఆ జబ్బులతో పోయినవాళ్లనూ, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లనూ గోడ లెక్కలోకి తీసుకోదు. వాళ్ల కోసం స్క్రగ్స్ సంస్థ ‘ఇన్ మెమరీ’ అని వేరే పట్టిక నడుపుతోంది, ట్రెయిలర్లో దానికి చోటుంది. ఒక పెద్దావిడ వచ్చి “మా ఆయన పేరు” అని అడిగి, అది గోడ మీద దొరకకపోతే, లేదని చెప్పి పంపేయకు. ఎప్పుడు పోయారని నెమ్మదిగా అడిగి ట్రెయిలర్ దగ్గరికి తీసుకెళ్లు. నీ షిఫ్టు మొత్తంలో నువ్వు చేసే అన్నిటికంటే పనికొచ్చే పని అదే కావచ్చు.

ఆడవాళ్ల పేర్లు గోడ మీద ఎనిమిది. ఎనిమిది మందీ నర్సులే. నర్సులుగా వెళ్లి తిరిగొచ్చినవాళ్లు కూడా నీ దగ్గరికి వస్తారు. ఎవరి భార్య అనో, ఎవరి తల్లి అనో ఊహించుకోకు. అక్కడ పనిచేశారా అని అడుగు.

ఇంకొకళ్లు కూడా వస్తారు. పసుపు మీద మూడు ఎర్ర గీతల జెండా పట్టుకుని, దక్షిణ వియత్నాం సైన్యంలో పోరాడి ఇక్కడికి శరణార్థులుగా వచ్చిన ముసలివాళ్లు. వాళ్లవైపు చచ్చినవాళ్ల పేర్లు గోడ మీద లేవు, ఉత్తర వియత్నాం వాళ్లవీ లేవు, పొలంలో ఉండగా బాంబు పడి చచ్చిన రైతులవీ లేవు. అందరినీ రాయాలంటే ఆ పార్కు చాలదు. అది అమెరికా తన పిల్లల కోసం కట్టుకున్న గోడ, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ లెక్క నీ తలలో ఉంచుకో. ఆ పెద్దలకు కూడా కుర్చీ వెయ్యి.

పని రోజుల్లో పొద్దున్నే బస్సుల్లో బడిపిల్లలను తీసుకొస్తారు. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: మనం గెలిచామా? లేదని చెప్పు. 1973లో సేనలు వెనక్కి వచ్చేశాయి, 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది అని చెప్పు. పక్కన మాజీ సైనికుడు నిలబడి ఉన్నాడని మొహమాటపడకు. నాకు తెలిసినవాళ్లలో ఆ సంగతి పిల్లల దగ్గర దాచాలనుకున్నవాడు ఒక్కడూ లేడు. పైగా నువ్వు చెప్పింది సరిగా లేకపోతే ఆయనే కల్పించుకుని సరిదిద్దుతాడు, అప్పుడు మైకు ఆయనకిచ్చెయ్యి.

టోపీ, నీళ్ల సీసా, మెత్తని బూట్లు. పెన్సిళ్లు వాళ్లే ఇస్తారు, అయినా నాలుగు తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
చిన్నతాతయ్య