ముందు నీ రోజుకి కొలత తీసుకో

రాజమహేంద్రవరం

చి.ల.సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.  

మొన్న ఫోన్లో నువ్వు అడిగినవాటికి సగం జవాబులే చెప్పగలిగాను. చంటాడు లేచాడు, పెద్దది ఫోను లాక్కుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, వీలు చిక్కినప్పుడల్లా కాస్త కాస్త చదువుకో.

మిషను కొన్నావు. సంక్రాంతికి పెద్దదానికి పట్టులంగా, చంటాడికి స్వెట్టరు, పక్కమీదకి బొంత, దిండ్లకి గలేబులు అన్నీ ఒకేసారి మొదలుపెట్టావు. కత్తిరించిన ముక్కలు మంచంమీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచంమీదకి తిరుగుతున్నాయి తప్ప ఒక్కటీ ఒంటిమీదకి రాలేదు. "నాకు చేతకాదేమో పెద్దమ్మా" అన్నావు. చేతకాకేం! పిల్లల కొలతలు తీశావు, గుడ్డ కొలిచావు, నీ రోజు కొలవడం ఒక్కటే మరిచిపోయావు. నీ 26 వారాల సెలవులో ఇంక మిగిలింది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో నీ చేతికి దొరికేవి గంటలు కావు, పది నిమిషాలూ పావుగంటలూ. పావుగంటకి సరిపడే పని ఎంచుకుంటే ఏదైనా పూర్తవుతుంది.

కుట్టుపని అంతా ఒక రకం కాదమ్మా. కత్తిరింపుకి ఖాళీ నేలా, కుదురైన బుర్రా కావాలి, పక్కన పిల్లలు ఉండకూడదు. అది రాత్రి వాళ్లు పడుకున్నాక చేసుకో. మిషను తొక్కడానికి చప్పుడైనా ఫరవాలేని వేళ కావాలి, చంటాణ్ణి వేరేవాళ్లు ఎత్తుకుని ఉండాలి. హెమ్మింగు, కాజాలు, గుండీలు పక్కన మనుషులు మాట్లాడుతున్నా సాగిపోతాయి. ఊలు అల్లికైతే కుక్కరు విజిల్స్ లెక్కపెట్టుకుంటూ కూడా చేసుకోవచ్చు, వరస మధ్యలో వదలకుండా ఉంటే చాలు. ఒక్కో బట్ట ముక్కలు ఒక్కో సంచీలో పెట్టు. అందులోనే దానికి కావలసిన దారం, గుండీలు, ఎలాస్టిక్, తరవాత చెయ్యాల్సిన పని రాసిన చీటీ వేసుకో. పావుగంట దొరికినప్పుడు దారం ఎక్కడుందో వెతకడానికే పది నిమిషాలు పోతే ఇంక కుట్టేదేముంది?

నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లని నీ చిన్నప్పుడు చూసే ఉంటావు. అక్కడ పువ్వులూ చక్రాలూ విడివిడిగా అల్లే చేతిపని కొందరిది, వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసే అతుకుపని ఇంకొందరిది. ఒక్క పువ్వు అరచేతిలో ఇమిడిపోతుంది. పొయ్యిమీద ఎసరు పెట్టి కూర్చున్నా అది అల్లుకోవచ్చు. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టడం వాళ్లని చూసి నేర్చుకో. చంటాడికి ఊలు దుప్పటి అల్లాలనుకుంటే ఒక్క పెద్ద గుడ్డగా మొదలుపెట్టకు. బెత్తెడు చదరాలు అల్లి డబ్బాలో పడేస్తూ ఉండు, కలిపే సంగతి తరవాత చూసుకోవచ్చు. ఎప్పుడు ఆగిపోయినా చేతిలో ఒక చదరమైనా పూర్తయి ఉంటుంది.

ఇక ఏం కుట్టాలన్నది. మన ఇళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం కదా, బట్టల తీరు కూడా ఆ వరసలోనే మారాలి. వెల్లకిలా పడుకుని ఉండే నెలల్లో వెనక గుండీలు వీపుకి ఒత్తుకుంటాయి. మీవాడు ఇవాళో రేపో బోర్లా పడతాడు, అప్పుడు ముందు గుండీలు గుచ్చుకుంటాయి. అందుకని భుజంమీద రెండు టిచ్ బటన్లు పెట్టు. మెడ కాస్త పెద్దదిగానే కత్తిరించు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఏడాది నిండేసరికి 45, 46కి వస్తుంది. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తలే పెద్దది. పెద్దవాళ్ల జాకెట్టు లెక్కన మెడ తీస్తే తల దూరదు.

పాకే నెలల్లో పొడుగు జుబ్బా మోకాళ్ల కిందికి వెళ్లి బిడ్డని ముందుకి సాగనివ్వదు. అంచు మొల దగ్గరే ఆగిపోవాలి. లాగుకి మోకాళ్ల దగ్గర లోపలినుంచి ఇంకో పొర వెయ్యి. నడక వచ్చాక లాగు చీలమండలకి పైనే ఉండాలి, లేకపోతే తొక్కుకుని పడతాడు. మూడేళ్ల పిల్లదాని సంగతి వేరు. బాత్రూంకి తనే పరిగెడుతోందన్నావుగా, హుక్కులూ బొందులూ ఉన్న లంగా వేస్తే దారిలోనే తడుపుకుంటుంది. నడుముకి వదులైన ఎలాస్టిక్ వెయ్యి. గౌనుకి ముందువైపు పెద్ద గుండీలు పెట్టి కాజాలు కాస్త వదులుగా తియ్యి. లోపల వెనకవైపు మెడ దగ్గర రంగు దారంతో చిన్న గుర్తు కుడితే ఏది ముందో ఏది వెనకో దానికే తెలుస్తుంది. పొద్దున్న ఎవరి సాయం లేకుండా అది గౌను తొడుక్కుందంటే నీకు ఆ పావుగంట మిగిలినట్టే.

బిడ్డ పుట్టినప్పుడు 50 సెంటీమీటర్ల పొడవుంటే మొదటి పుట్టినరోజుకి 75 దాకా వస్తాడు. అంత వేగంగా పెరిగే ఏడాదిలో ఎంబ్రాయిడరీ చేసిన జుబ్బా ఎన్నిసార్లు తొడుగుతావు? చంటాడికి సాదావే కుట్టు, రాబోయే నెలల కొలతకి కుట్టు. నీ పనితనం పెద్దదాని బట్టలమీద చూపించు, ఆ వయసులో ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లే పెరుగుతారు. పట్టులంగాకి అంచుపైన లోపలివైపు ఒక మడత కుట్టు వెయ్యి. 3 సెంటీమీటర్ల లోతు మడతలో 6 సెంటీమీటర్ల గుడ్డ దాగుతుంది, వచ్చే సంక్రాంతికి అది విప్పితే చాలు. జాకెట్టుకి రెండు పక్కలా వేలెడు వెడల్పు గుడ్డ లోపల వదిలి కుట్టు. జరీ ఒంటికి గీరుకోకుండా మెత్తటి నూలు లైనింగు వెయ్యడం మరవకు. పట్టులంగా వేసుకోనని పిల్లలు మొరాయిస్తే ముందు లోపలి కుట్లు తడిమి చూడాలి, మారాం అనుకుని కోప్పడకూడదు.

గుడ్డ విషయానికొస్తే, పుట్టిన బిడ్డకి పాతబట్టే ముందు తొడగాలని మన పెద్దవాళ్లు పట్టుబట్టేవారు. ఎన్నో ఉతుకులు పడిన నూలుచీరలో గంజి ఉండదు, రంగు దిగదు, పోగు మెత్తబడి ఉంటుంది. మీ అమ్మ కట్టి వదిలేసిన మంగళగిరి చీరలు బీరువాలో ఉన్నాయి, పంపమంటాను. పొత్తిగుడ్డలకీ, జుబ్బాలకీ వాటిని మించినవి లేవు. చీరలో కుచ్చిళ్ల భాగం, కింది అంచు బాగా అరిగి ఉంటాయి. గుడ్డని వెలుతురుకి పట్టుకుని చూసి, పలచబడినచోట వదిలేసి కత్తిరించు. కొత్త గుడ్డైతే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టు. నూలు మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది. జుబ్బా పొడవు పడుగు వెంట రావాలి, పేక వెంట వస్తే ఉతికేకొద్దీ ఆకారం చెడుతుంది. మెడకీ చంకకీ వేసే పట్టీ మాత్రం ఏటవాలుగా, క్రాస్ తీసుకో, గుండ్రటి చోట మడత పడకుండా కూర్చుంటుంది.

స్వెట్టరు సంగతి. మీ పెదనాన్నగారి ఉద్యోగం ఢిల్లీలో ఉన్నన్నాళ్లూ చలికాలం ఎండలో కూర్చుని అల్లే పంజాబీ ఇల్లాళ్ల దగ్గర నేను ఈ పని నేర్చుకున్నాను. ఢిల్లీ చలికి కావలసింది మీ హైదరాబాదుకి అక్కర్లేదు. చేతులు లేని, ముందు తెరిచే స్వెట్టరు ఒకటి చాలు. వీడియోలు చూసి నేర్చుకుంటున్నావు కనక ఒక్క మాట గుర్తుపెట్టుకో. మన దుకాణాల్లో అల్లిక సూదులకి పాత ఇంగ్లీషు నంబర్లు ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికా వాళ్లది తలకిందుల లెక్క, వాళ్ల 8 నంబరు 5 మిల్లీమీటర్ల లావు. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసి కొను.

మొదట బెత్తెడున్నర చదరం అల్లి స్కేలు పెట్టి కొలువు. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వస్తే, 50 సెంటీమీటర్ల చుట్టుకొలతకి 110 కుట్లు ఎక్కించాలి. నీ చెయ్యి బిగువై 24 వచ్చాయనుకో, అవే 110 కుట్లకి 46 సెంటీమీటర్లే వస్తుంది. నెలరోజుల శ్రమ వాడి ఒంటికి పట్టదు. అన్ని వరసలూ నిట్ కుట్టుతోనే అల్లు. రెండువైపులా ఒకేలా ఉంటుంది, అంచులు చుట్టుకుపోవు, సాగే గుణం ఎక్కువ కనక ఇంకో చలికాలం కూడా రావచ్చు. ఊలు ముందు నీ మెడకి రుద్దుకుని చూసుకో. నీకు గుచ్చుకుంటే వాడికి ఇంకా గుచ్చుకుంటుంది. యాక్రిలిక్ ఉతుక్కోడానికి సుఖమే గాని మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దేవుడి దీపం దగ్గరికీ వంటింట్లోకీ ఆ స్వెట్టరుతో తీసుకెళ్లకు.

ఇప్పుడు చెప్పేవి మాత్రం తు.చ. తప్పకుండా పాటించాలి. సాక్సులూ, చేతి తొడుగులూ అల్లితే తిరగేసి చూసి, వదులుగా వేలాడే పోగు ఒక్కటి కూడా లేకుండా కత్తిరించు. ఆ పోగు బిడ్డ వేలికి చుట్టుకుని నెత్తురు ఆడకుండా చేస్తుంది, ఏడుపు ఎందుకో మనకి అంతుపట్టదు. మెడకీ కుల్లాయికీ తాళ్లు పెట్టకు. ఏడేళ్లలోపు పిల్లల బట్టలకి తల దగ్గరా మెడ దగ్గరా తాళ్లు ఉండకూడదని యూరప్‌లో ప్రమాణమే ఉంది. చలికి కుల్లాయి పెట్టమని మీ అత్తగారు అంటే బయటికి వెళ్లేటప్పుడు తప్పకుండా పెట్టు, ఇంట్లో నిద్రపోయేటప్పుడు తీసెయ్యి. ఏడాదిలోపు బిడ్డ పక్కలో వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొంతలు ఉండకూడదని అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. నువ్వు కుట్టే బొంత నేలమీద పరిచి, వాడు మెలకువగా ఉన్నప్పుడు బోర్లా ఆడించుకో. ఇదంతా నేను చెప్పానని చెప్పు, మీ అత్తగారు నన్నే అంటారు, నేను పడతాను.

దీపాలు పెట్టేవేళ సూది పట్టకూడదని మా అమ్మ అనేది. శాస్త్రం మాటెలా ఉన్నా, మసక వెలుతుర్లో జారిన సూది పాకే బిడ్డ అరచేతికే దొరుకుతుంది. గుండుసూదులు ఎన్ని గుచ్చావో అన్నీ తీసి లెక్క చూసుకున్నాకే లేవాలి. ఒక అయస్కాంతం ముక్క దగ్గర పెట్టుకో. నువ్వు లేవగానే మిషను స్విచ్చి తీసెయ్యాలి. గుండీల డబ్బా పెద్దదానికి ఆడుకోడానికి ఇవ్వకు, దాని చేతిలోంచి చంటాడి నోట్లోకి ఎంతోసేపు పట్టదు. అట్టముక్కకి కన్నాలు పొడిచి బూటు లేసు ఇవ్వు, అదీ నీ పక్కన కూర్చుని కుడుతుంది. రెండు గుడ్డలు చూపించి ఏది కావాలో అడుగు. తను ఎంచుకున్న గుడ్డయితే వేసుకోనని పేచీ పెట్టదు.

"బజార్లో ఇంతకంటే చవగ్గా వస్తాయిగా" అని మీ అత్తగారు అన్నదాంట్లో అబద్ధమేం లేదు. కొత్త బట్టల దగ్గర నువ్వు పొదుపు చెయ్యలేవు. పొట్టయిన గౌనుకి అంచు వెయ్యడం, చిరిగిన మోకాలికి అతుకు, అక్క లాగు తమ్ముడికి సరిచెయ్యడం, వీటిలోనే డబ్బు మిగిలేది. కానీ "ఇంట్లో ఊరికే కూర్చుని కుట్టుకుంటోంది" అనే మాట ఎవరన్నా ఒప్పుకోకు. నర్సాపురం లేసు పని మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకం రాసింది. గంటల తరబడి అల్లి, విదేశాలకి వెళ్లే సరుకు తయారుచేసే ఆ ఆడవాళ్లని లోకం "ఇంట్లో కూర్చునేవాళ్లు" అనే లెక్కకట్టిందనీ, కూలి తక్కువ ఇవ్వడానికి ఆ మాటే పనికొచ్చిందనీ అందులో చూపించింది. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. నీది అమ్మకం సరుకు కాకపోయినా పనే. అల్లుడుగారికి గుండీ కుట్టడం నేర్పు. నువ్వు మిషను దగ్గర కూర్చున్న పావుగంటా చంటాణ్ణి ఎత్తుకోవడం ఆయన వంతు, అది నీకు చేస్తున్న ఉపకారం అనుకోవద్దను.

సంక్రాంతికి పట్టులంగా దర్జీకి ఇచ్చెయ్యి, మడత కుట్టు మాత్రం అడిగి వేయించు. గలేబులు కొనుక్కో. స్వెట్టరు వచ్చే చలికాలం కొలతకి అల్లు, తొందర ఉండదు. ఈ ఆదివారం ఒక్క చొంగగుడ్డ కుట్టు. చంటాడికి చొంగ కారే వయసే కదా. పాత తువ్వాలు ముక్క ఒక పొర, చీర ముక్క ఒక పొర, చుట్టూ క్రాస్ పట్టీ, మెడ వెనక టిచ్ బటను. నిద్రకి ముందు తీసెయ్యాలి. పడుగూ పేకా చూడటం, గుండ్రంగా కత్తిరించడం, పట్టీ తిప్పడం, బటను బిగించడం అన్నీ అందులోనే చేతికి వస్తాయి. ఒకటి అయ్యాక అలాంటివే ఇంకో అయిదు కుట్టు, రోజుకి అన్ని తడుస్తాయి. కుట్టినవి ఉతికి ఆరేశాక ఫొటో తీసి పంపు, ఉతక్కముందుది నాకక్కర్లేదు. ఉతుకు తిన్నాకే పట్టీ నిలిచిందో ముడుచుకుందో తెలిసేది.

పిల్లలకి ముద్దులు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ