తేటనీరెల్ల మంచినీరగునా?

త్రాగుటకు పనికివచ్చు నీటిని తెలుగువారు మంచినీరందురు. ఈ పేరు మిక్కిలి సార్థకమైనది. తేటగా కనబడినంతమాత్రమున నీరు త్రాగదగినది కాదు. దేహమునకు మేలు చేయునదియే మంచినీరు. ఆ మంచిచెడ్డలను నిర్ణయించుటకు మన కన్నును నాలుకయు చాలునా? చాలవని లోకమునకు తెలిపిన సంఘటన యొకటి కలదు.

1854లో లండను నగరమున బ్రాడ్ వీధి ప్రాంతమునందు కలరా ప్రబలి, కొలది దినములలోనే వందలకొలది జనులను బలిగొనెను. జాన్ స్నో అను వైద్యుడు మృతుల యిండ్లకు పోయి విచారించి, వారిలో పెక్కుమంది ఆ వీధిలోని చేతిపంపు నీటిని త్రాగినవారేయని కనుగొనెను. దూరమున నివసించు ఒక వనిత ఆ నీటి రుచి మరగి, ప్రత్యేకముగా తెప్పించుకొని త్రాగి, ఆ వ్యాధితోనే మరణించెను. స్నో సూచనపై అధికారులు ఆ పంపు పిడిని తొలగించిరి. సమీపమునందలి మురుగుగుంట నుండి మాలిన్యము ఆ బావిలోనికి ఊరెనని పిమ్మట తేలెను.

ఇట్టి మాలిన్యము మానవుని అజాగ్రత్తవలన కలుగునది. హైదరాబాదు పడమటి భాగముననున్న నల్లగండ్ల ఒకప్పుడు చెరువుగల చిన్న పల్లె. నేడది ఎత్తైన భవనములతో నిండియున్నది. ఊరు పెరిగినకొలది మురుగును పెరుగును. అది చెరువులను, బోరుబావులను చేరకుండ కాపాడుట మన చేతిలోని పని. మురుగునుండియు, పొలములలో మితిమీరి వేసిన ఎరువులనుండియు నైట్రేటు భూగర్భజలమున చేరును. అది లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీటితో పోతపాలు కలిపి పట్టినచో, పసికందుల రక్తము ప్రాణవాయువును మోయు శక్తి కోల్పోయి, వారి దేహము నీలివన్నెకు మారవచ్చును.

మానవుని దోషము లేకయే నీటిలో చేరు కీడును కలదు. నల్లగండ్ల పరిసరములలోని గుండ్లవంటి గ్రానైటు శిలలే నల్లగొండ జిల్లాయందును విస్తరించియున్నవి. ఇట్టి శిలలలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు కరగి నీటిలో కలియును. అది ఎచట ఎంత కలదో పరీక్షవలననే తెలియును. లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లపై గారమచ్చలు ఏర్పడును. పెద్దల కీళ్లు బిగిసి, నడుము వంగిపోవును. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతములవారు దీనివలన పడిన బాధ ఇంతింతయనరానిది. వంగిన ఎముకను తిరిగి చక్కచేయు మందు లేదు.

ఏ దోషమునకు ఏది విరుగుడో ఎరుగుట ముఖ్యము. మన పూర్వులు చిల్లగింజను అరగదీసి కలిపి బురదనీటిని తేర్చెడివారు. దానివలన మడ్డి అడుగంటును. కాని సూక్ష్మజీవులన్నియు నశించునని నమ్మరాదు. నీటిని తెర్లకాచినచో సూక్ష్మజీవులు చచ్చును. కాని ఫ్లోరైడును నైట్రేటును పోవు. పైగా కొంత నీరు ఆవిరియగుటచే, మిగిలినదానిలో వాటి పాలు హెచ్చును! ఫ్లోరైడును తగ్గించుటకు నాగపూరు పరిశోధనాలయమువారు 1970వ దశకమున ఒక పద్ధతిని కనుగొనిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగుపాళ్లలో నీటిలో కలిపి, మెల్లగా త్రిప్పి, పేరుకొనిన మడ్డిని వడగట్టుటయే ఆ పద్ధతి. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. పాలు తప్పినచో ఫలితము తప్పును గనుక, ప్రతి యింట దానిని సాగించుట కష్టమాయెను. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము శుద్ధిచేసిన నదీజలమును గొట్టములద్వారా పల్లెలకు చేర్చుటతో ఆ ప్రాంతమువారికి గొప్ప మేలు కలిగెను.

బాలబాలికలారా! మీ యింటి నీరు ఎచటినుండి వచ్చుచున్నదో తెలిసికొనుడు. బోరునీరైనచో దానిని పరీక్షింపజేయుడని పెద్దలను కోరుడు. నీటిపాత్రపై మూతనుంచుడు, ముంచుటకు పిడిగల గరిటెను వాడుడు. రాతిలోని కీడును శాస్త్రము తొలగింపవలెను. మనము కలుపు మురుగును మనమే మాన్పుకొనవలెను.

ప్రశ్నలు
1. తేటనీరెల్ల మంచినీరు కాదనుటకు లండను సంఘటన ఎట్లు నిదర్శనము?
2. కాచుటవలన ఏ దోషము పోవును? ఏవి పోవు? ఏల?
3. మీ గ్రామమునందలి నీటి వసతులను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.