వరి ధాన్యం ఆరబెట్టే ప్రక్రియకు గణిత నమూనా, కంప్యూటర్ అనుకరణ

కోత యంత్రం నుండి వచ్చే వరి ధాన్యంలో తేమ తరచుగా 20 శాతానికి పైగానే ఉంటుంది. కొనుగోలు కేంద్రాలలో అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. నెలల తరబడి నిల్వ చేయాలంటే అది 14 శాతానికి దిగాలి. తొందరపడి ఆరబెడితే గింజ లోపల పగిలి, మర పట్టినప్పుడు నూక అవుతుంది. జాప్యం చేస్తే ధాన్యం రంగు మారుతుంది, బూజు పడుతుంది, ఒక్కొక్కసారి మొలకెత్తుతుంది. ఎంత వేడి, ఎంత గాలి, ఎంత సేపు అనే ప్రశ్నలకు కేవలం ప్రయోగాల ద్వారా సమాధానం రాబట్టాలంటే కోతకాలపు కొద్ది వారాలు చాలవు. రసాయన పరిశ్రమలలో రియాక్టర్లకు, స్వేదన గోపురాలకు వాడే నమూనా రచన, అనుకరణ పద్ధతులు ధాన్యం డ్రయ్యరుకు అవసరమవుతున్నది ఇందువల్లనే.

ఏ నమూనాకైనా మొదటి మెట్టు ద్రవ్య, శక్తి సమతుల్యతలు. తడి ప్రాతిపదికన 20 శాతం తేమ గల 1,000 కిలోల ధాన్యాన్ని 14 శాతానికి దించాలంటే ఎంత నీరు తీయాలి? 60 కిలోలు అని చెప్పడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఆరబెట్టేటప్పుడు మారనిది 800 కిలోల పొడి పదార్థం మాత్రమే. దానిని 0.86తో భాగిస్తే చివరి బరువు సుమారు 930 కిలోలు. అంటే తీయవలసిన నీరు 70 కిలోలు. నమూనాలో తేమను ఎల్లప్పుడూ పొడి ప్రాతిపదికన రాయడానికి కారణం ఇదే.

తరువాతది గాలి లెక్క. కిలో పొడి గాలికి 18 గ్రాముల నీటి ఆవిరి గల 30 డిగ్రీల సెల్సియస్ గాలిని 45 డిగ్రీలకు వేడిచేసి ధాన్యం గుండా పంపగా అది 33 డిగ్రీలకు చల్లబడి బయటకు వస్తుందని అనుకుందాం. అది కోల్పోయిన వేడి కిలోకు సుమారు 12.5 కిలోజౌళ్ళు. నీటి గుప్తోష్ణం కిలోకు 2,430 కిలోజౌళ్ళుగా తీసుకుంటే కిలో గాలి మోసుకుపోగలిగిన అదనపు నీరు 5 గ్రాములకు కొద్దిగా ఎక్కువ. కావున టన్ను ధాన్యానికి 13 టన్నులకు మించి గాలి కావాలి. ఈ లెక్కకు కంప్యూటరు అక్కరలేదు. కాని దీనిని వేయకుండా మొదలుపెట్టిన అనుకరణ ఇచ్చే ఫలితం సరైనదో కాదో పసిగట్టే ఆధారం ఏదీ మిగలదు.

సమతుల్యతలు ఎంత నీరు పోవాలో చెబుతాయి. ఎంత వేగంగా పోతుందో చెప్పవు. వేగానికి మొదటి సరళ సమీకరణాన్ని 1921లో లూయిస్ ప్రతిపాదించాడు. గింజలోని తేమకు, ఆ గాలిలో అది చేరగల సమతుల్య తేమకు మధ్య గల తేడాకు అనుపాతంలో ఎండుదల వేగం ఉంటుందన్నది దాని సారాంశం. న్యూటన్ శీతలీకరణ నియమానికి ఇది సోదరి వంటిది. గింజ విషయంలో ఇది మొదట్లో వాస్తవం కంటే ఎక్కువ తేమను, చివరలో తక్కువ తేమను చూపుతుంది. పలుచని పొరగా పరచిన మొక్కజొన్న గింజలపై పనిచేసిన పేజ్ 1949లో కాలానికి ఒక ఘాతాంకం జోడించి ఈ లోపాన్ని సవరించాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ఘాతాంకానికి భౌతిక అర్థం లేదు. అది మారితే వేగ స్థిరాంకపు ప్రమాణాలు కూడా మారిపోతాయి. రెండు ప్రయోగాలలో ఘాతాంకాలు వేరైనప్పుడు వాటి స్థిరాంకాలను పట్టికలో పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థరహితం. అయినప్పటికీ పది సమీకరణాలను ఒకే దత్తాంశానికి అమర్చి, ఆర్ స్క్వేర్ 0.99 దాటిన దానిని ఉత్తమమని ప్రకటించే ధోరణి పరిశోధన పత్రాలలో విస్తారంగా కనిపిస్తుంది. నునుపుగా దిగే వక్రరేఖకు రెండు మూడు స్థిరాంకాలు గల ఏ సమీకరణమైనా అమరుతుంది. గింజ పగులుతుందా లేదా అన్న ప్రశ్నకు అందులో సమాధానం ఉండదు. ఎందుకంటే ఆ సమీకరణాలకు తెలిసింది గింజ సగటు తేమ మాత్రమే. పగులుకు కారణం గింజ లోపలి భాగానికి, ఉపరితలానికి మధ్య గల తేమ తేడా.

ఆ తేడాను పట్టుకోవాలంటే గింజ లోపలి విసరణను నమూనాలోకి తీసుకోవాలి. ధాన్యంలో నీటి విసరణ గుణకం సెకనుకు 10⁻¹¹ చదరపు మీటర్ల స్థాయిలో ఉంటుంది. ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. ఉష్ణ విసరణ గుణకం 10⁻⁷ స్థాయిలో ఉంటుంది, అంటే పదివేల రెట్లు అధికం. గింజ లోపల ఉష్ణోగ్రత కొన్ని సెకన్లలోనే సమానమవుతుంది. తేమకు గంటలు పడుతుంది. కావున ఉష్ణోగ్రతను గింజ అంతటా ఒకటిగా భావించి, తేమను మాత్రం వలయాలుగా విభజించి లెక్కించడం సమంజసమైన సరళీకరణ.

గింజను 1 మిల్లీమీటరు వ్యాసార్థం గల గోళంగా భావిస్తే, ఎండుతున్నప్పుడు దాని కాల స్థిరాంకం సుమారు 2.8 గంటలు. గాలి ఆపి, తేమ బయటకు పోకుండా కుప్పగా ఉంచినప్పుడు లోపలి తేడా సర్దుకునే కాల స్థిరాంకం సుమారు 1.4 గంటలు. దానికి మూడు రెట్లు, అంటే నాలుగు గంటలకు పైగా విరామం ఇస్తే తేడా తొలి విలువలో 5 శాతానికి తగ్గుతుంది. మిల్లులలో ధాన్యాన్ని ఒక్కసారిగా కాక విడతలుగా ఆరబెడుతూ, మధ్యలో టెంపరింగ్ అనే విరామం ఇవ్వడం వెనుక ఉన్న గణితం ఇదే. గింజ వేడిగా ఉంటే విసరణ గుణకం పెరిగి విరామం తగ్గుతుంది.

విరామం వేడిగా ఉన్నప్పుడే ఇవ్వడానికి మరొక కారణం కూడా ఉంది. అమెరికాలోని అర్కాన్సా విశ్వవిద్యాలయంలో సీబెన్‌మోర్గెన్ బృందం వరి గింజలోని పిండి పదార్థపు స్థితి మార్పుతో పగుళ్ళను అనుసంధానించి చూపింది. తక్కువ ఉష్ణోగ్రతలో పిండి పదార్థం గాజు వలె బిరుసుగా, ఎక్కువ ఉష్ణోగ్రతలో రబ్బరు వలె మెత్తగా ఉంటుంది. తేమ తగ్గేకొద్దీ మార్పు ఉష్ణోగ్రత పెరుగుతుంది. లోపల తేమ తేడా ఉండగానే ధాన్యాన్ని చల్లారిస్తే ఒకే గింజలోని భాగాలు వేర్వేరు స్థితులలో వేర్వేరుగా సంకోచించి పగులు ఏర్పడుతుంది. డ్రయ్యరు నుండి దిగినప్పుడు చక్కగా కనిపించిన గింజ కొన్ని గంటల తరువాత పగలడం ఇందువల్ల సాధ్యమవుతుంది. అప్పుడే తీసిన నమూనాను పరీక్షించి డ్రయ్యరు బాగున్నదని తీర్మానించడం తొందరపాటు.

డ్రయ్యరులో ఉండేది ఒక గింజ కాదు, లోతైన పొర. 1968లో థాంప్సన్, పియర్ట్, ఫాస్టర్ ఆ పొరను ఒకదానిపై ఒకటి పేర్చిన పలుచని పొరలుగా భావించి, ఒక పొర నుండి వెలువడిన గాలిని పై పొరకు ప్రవేశ గాలిగా తీసుకొని మొక్కజొన్న ఎండుదలను కంప్యూటరుపై అనుకరించారు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బాకర్ అర్కెమా బృందం గాలి ఉష్ణోగ్రత, గాలి ఆర్ద్రత, గింజ ఉష్ణోగ్రత, గింజ తేమలకు నాలుగు అవకలన సమీకరణాలు రాసి సాధించింది. నేటి సాధారణ ల్యాప్‌టాప్ ఈ లెక్కలను సులభంగా చేయగలదు. అయితే కాలపు అడుగును ఇష్టానుసారం ఎంచుకోవడానికి వీలులేదు. 1 మిల్లీమీటరు వ్యాసార్థాన్ని 20 భాగాలు చేసి ప్రత్యక్ష పద్ధతిలో సాధించేటప్పుడు, పై విసరణ గుణకానికి అడుగు ఇంచుమించు 125 సెకన్లు మించితే లెక్క అదుపు తప్పి తేమ రుణ విలువలు సైతం చూపవచ్చు. గుణకం ఐదు రెట్లు పెరిగితే హద్దు 25 సెకన్లకు పడిపోతుంది. పరోక్ష పద్ధతిలో ఈ అస్థిరత ఉండదు.

నమూనాను సరిచూడడానికి స్థిరాంకాలు రాబట్టిన దత్తాంశాన్నే మళ్ళీ వాడరాదు. వేరొక ఉష్ణోగ్రత, వేరొక పొర లోతు, వీలైతే వేరొక రకం ధాన్యంతో ప్రయోగం చేసి పోల్చాలి. బయటకు వచ్చే గాలి ఉష్ణోగ్రత, ఆర్ద్రతలను కూడా కొలిస్తే సమతుల్యతలు నిలిచాయో లేదో వెంటనే తెలుస్తుంది. ఇక చివరి పరీక్ష మర పట్టిన తరువాత నిలిచిన నిండు గింజల శాతం.

కల్లంలో ఎండబెట్టే ధాన్యానికి ఈ నమూనాను యథాతథంగా అన్వయించలేము. అక్కడ గాలి వేగం, ఎండ తీవ్రత గంటగంటకు మారతాయి. పగలు బాగా ఎండిన గింజ రాత్రి మంచుకు తిరిగి తేమ పీల్చుకుంటుంది. ఇది కూడా పగులుకు బలమైన కారణం. తేమ బయటకు పోవడాన్ని మాత్రమే లెక్కించే సమీకరణం దీనిని చూడదు. తెలంగాణలో వేసవి ఎండలలో కోతకు వచ్చే యాసంగి ధాన్యాన్ని పచ్చి బియ్యంగా మర పడితే నూక అధికమై, ఎక్కువ భాగం ఉప్పుడు బియ్యానికి మళ్ళుతున్నది. చేనులోనే పగిలిన గింజను ఏ డ్రయ్యరూ అతికించలేదు. కావున యాసంగి ధాన్యానికి అనుకరణ చేసేవారు లెక్కను డ్రయ్యరు ద్వారం వద్ద కాక, పైరు మీద గింజ 20 శాతం తేమకు దిగిన రోజు నుండి, పగటి ఎండతో పాటు రాత్రి ఆర్ద్రతను కూడా చేర్చి ప్రారంభించవలసి ఉంటుంది.