మేకలలో మరల మొలిచెడి పిలక కొమ్ములు - చేయవలసినవి, చేయరానివి



తుంగ పట్టిన చేనిలో పైమొక్కను కోసి ఊరకున్నచో ఏమగునో మీకు తెలియనిది కాదు. గడ్డ నేలలో ఉన్నంత కాలము అది మరల తల ఎత్తుచునే యుండును. మేకపిల్లల కొమ్ము మొలకలను కాల్పించి, ఇక కొమ్ముల బాధ లేదని నిశ్చింతగా ఉన్న రైతులకు కొందరికి రెండు మూడు నెలల పిమ్మట ఇట్టి అనుభవమే కలుగుచున్నది. కాల్చిన చోటనే పొట్టిగా, వంకరగా, ఒక్కొక్కప్పుడు వ్రేలితో కదపిన కదలునట్లుగా ఒక కొమ్ము వచ్చును. దీనిని ఆంగ్లమున స్కర్ అందురు. నరికిన అరటి మొదట వచ్చెడి పిలకవంటిది గనుక మనము దీనిని పిలక కొమ్ము అని పిలుచుకొందము.

పిలక కొమ్ము చాలవరకు ప్రాణాపాయము కలిగించునది కాదు. తొందరపడి దానిని పెరికినప్పుడును, మొదలంట నరికినప్పుడును, లేక అసలే పట్టించుకొనక విడిచినప్పుడును నష్టము కలుగును. కావున దేనిని విడువవలెనో, దేనిని కత్తిరింపవలెనో, దేనికి పశువైద్యుని పిలువవలెనో తెలిసికొనుట ముఖ్యము.

అసలు కొమ్ములు తీయుట అవసరమా?

బయట తిరిగి మేయు మందలకు ఈ పని అక్కరలేదు. కొమ్ములలో రక్తము ప్రసరించుచుండును. ఎండకాలమున శరీరపు వేడి కొంత వాటి ద్వారా బయటకు పోవును. కుక్కలనుండి తన్ను తాను కాపాడుకొనుటకు గూడ మేకకు కొమ్ములే ఆధారము. కాని కొట్టములలో కట్టి మేపు రైతులకు చిక్కు వేరు. ఇరుకు చోట మేకలు పొడుచుకొనును. పొదుగులకు గాయములగును, చూడి మేకలు ఈచుకొనిపోవును. కొమ్ములు ఇనుపవలలోను, దాణాతొట్టె కంతలలోను ఇరుకుకొనును. ఇట్టి చోట మాత్రమే మొలకలు కాల్పించుటను గూర్చి ఆలోచింపవలెను. కొమ్మున్నవానిని, లేనివానిని ఒకే దొడ్డిలో కలిపి ఉంచరాదు.

మరల ఏల మొలచును?

పుట్టిన పిల్లకు కొమ్ము మొలక చర్మములోనే యుండును. కొమ్మును పుట్టించు కణములు మొలక మొదట చుట్టును వలయమువలె అమరియుండును. ఈ వలయము పూర్తిగా కాలినగాని కొమ్ము ఆగదు. ఒక అంచున కొంచెము మిగిలినను అచ్చటినుండి పిలక బయలుదేరును. పోతుపిల్లల మొలకలు వెడల్పు, త్వరగా పెరుగును, వాని అంచు ముందువైపునకు సాగియుండును. అందువలననే పిలక కొమ్ములు పోతులలో హెచ్చు, పెంటిమేకలలో తక్కువ.

కాల్చునప్పుడు తీసికొనవలసిన జాగ్రత్త

ఈ పని 3 నుండి 10 దినముల వయస్సులో జరుగవలెను. పోతుపిల్లలకు ఇంకను ముందుగా చేయించుట మేలు. ఆలస్యమైనకొలది మొలక పుర్రెకు అంటుకొని, పిలకలు వచ్చుట హెచ్చగును. మొలక చుట్టును రాగిరంగు వలయము ఎడతెగక కనబడినచో కాలుట సరిపోయినదని గుర్తు. వలయము ఒక పక్క తెగియున్నచో అచ్చటనే పిలక వచ్చును. పోతులకు మొదటి వలయము ముందువైపున రెండవ వలయము కొంచెము కలియునట్లు పెట్టుట వైద్యులలో వాడుక.

అయితే పిలక రాకూడదను ఆతురతతో ఇనుమును ఎక్కువసేపు ఒత్తరాదు. మేకపిల్ల పుర్రె దూడ పుర్రెకంటె మిక్కిలి పలుచన. వేడి ఎముకను దాటి మెదడునకు తగిలినచో పిల్ల గ్రుడ్డిదగును, లేక చచ్చును. ఒకేసారి 5 సెకనులకు మించి ఒత్తక, చల్లారనిచ్చి చూచుకొనుట క్షేమము. ఒక పిలక కొమ్ము వచ్చిన దిద్దుకొనవచ్చును. పోయిన పిల్ల తిరిగి రాదు.

నొప్పి తెలియకుండ మొద్దుబార్చు మందు తప్పక వేయింపవలెను. దానిని మీ అంతట వేయరాదు. లిగ్నోకెయిన్ అను మందు కిలో బరువునకు 5 మిల్లీగ్రాములు మించరాదు. 3 కిలోల పిల్లకు మొత్తము 15 మిల్లీగ్రాములే. అంగడిలో దొరకు 2 శాతపు మందు ఒక మిల్లీలీటరులోనే 20 మిల్లీగ్రాములు ఉండును. అనగా ఒక్క మిల్లీలీటరే ఎక్కువ. పలుచన చేసి, లెక్కచూచి వేయుట పశువైద్యుని పని. కొమ్ములు కాల్చెడి ఘాటు లేపనములు గూడ మేకపిల్లలకు తగవు. అవి కంటిలోనికి కారును, తల్లి పొదుగునకు అంటును.

మొదటి నెలలో గమనింపవలసినది

కాల్చినచోట పెచ్చు కట్టి, సాధారణముగా 4 నుండి 6 వారములలో రాలిపోవును. పెచ్చును గోటితో తీయరాదు. వారమున కొకసారి తలను తడవి చూడుడు. పెచ్చు పొడిగా, చదునుగా ఉండి రాలిపోవును. పిలక కొమ్ము అట్లుగాక గట్టిగా, మొనదేలి, వారమువారమునకు ఎత్తు పెరుగును. పిలక అని తోచినచో వెంటనే పశువైద్యునికి చూపుడు. పిల్ల చిన్నదిగా ఉండగా రెండవమారు స్వల్పముగా కాల్చి సరిచేయుట సాధ్యము. నెలలు గడిచిన పిదప ఇనుము పనిచేయదు.

పెరిగిన పిలకను ఏమి చేయవలెను?

1. చిన్నది, తలకు తగులనిది: దాని జోలికి పోవద్దు. పెంటిమేకలలో కనబడు వేలిగోరంత పిలకలు మేకకుగాని మీకుగాని కీడు చేయవు. కొన్ని పొట్లాటలో వాటంతటవే ఊడిపోవును.

2. వంగి తలవైపునకో, కంటివైపునకో పెరుగునది: దీనిని విడువరాదు. కొమ్ము కొనకును చర్మమునకును నడుమ ఒక వ్రేలు దూరకున్నచో కొన తగ్గింపవలెను. ముందుగా కొమ్మును మొదలునుండి కొనవరకు చేతితో పట్టి చూడుడు. వెచ్చగా ఉన్నంతవరకు లోపల రక్తము, నరము ఉన్నవని అర్థము. చల్లనైన కొనను మాత్రమే ఆకురాయితో అరుగదీయుటగాని, గిట్టలు కత్తిరించు కత్తెరతో కొద్దికొద్దిగా తీయుటగాని చేయవచ్చును. గులాబిరంగు కనబడగానే ఆపవలెను. నాలుగైదు వారములకొకసారి ఇట్లు చేయుచుండిన చాలును.

3. మొదలు లావై, త్వరత్వరగా పెరుగునది: పోతులలో ఇట్టివి వచ్చును. పూర్తిగా తీయింపవలెనన్న అది శస్త్రచికిత్స. వయస్సు వచ్చిన మేకకు పుర్రెలోని గాలిగది కొమ్ము ఎముకలోనికి వ్యాపించియుండును. మొదలంట కోసినచో ఆ గది బయటబడి పెద్ద రంధ్రమగును. కావున మత్తు ఇచ్చి, చుట్టునున్న చర్మపు అంచుతోసహా పశువైద్యుడే తీయవలెను. ఈగలు తక్కువగా ఉండు చలికాలము ఇందుకు అనుకూలము.

4. విరిగి రక్తము కారునది: మేకను నీడలో కట్టి, శుభ్రమైన గుడ్డను 10 నిమిషములు వదలక అదిమి పట్టుడు. వ్రేలాడు ముక్కను లాగవద్దు. రంధ్రము కనబడినచో అందులో నీళ్ళుగాని, పొడులుగాని పోయక, గుడ్డ కప్పి వైద్యుని పిలువుడు. ధనుర్వాతమునకు సూది వేయింపుడు. మానువరకు ఈగలు వాలకుండ చూడుడు. ముక్కునుండి చీము కారినను, మేక తల ఒక పక్కకు వాల్చినను, దుర్వాసన వచ్చినను ఆలస్యము చేయరాదు.

నేను చూచిన ఒక సంగతి చెప్పెదను. ఒక రైతు అప్పు తెచ్చి కొనిన మేకపోతునకు కంటిపైన వాపు కనబడినది. కంచె గీచుకొనినదనుకొని ఆయన వేపనూనె రాయుచుండెను. వెండ్రుకలు తొలగించి చూడగా పిలక కొమ్ము కొన చర్మములోనికి దిగి, పుండు పడి, పురుగులు పట్టియున్నవి. పశువైద్యుడు తీగ రంపముతో కొనను కోసి పుండును శుభ్రపరచెను. కన్ను దక్కినది, కాని పోతు నెలరోజులు మేత సరిగా తినక చిక్కిపోయినది. ముందే చేయిపెట్టి చూచియున్నచో అది ఆకురాయితో ఐదు నిమిషముల పని.

చేయరాని పనులు

పిలకను శ్రావణముతో పట్టి పెరుకరాదు. రబ్బరు వలయము వేసి వదలరాదు. అది వారములకొలది నొప్పి పెట్టి, పుండుచేసి, అకస్మాత్తుగా ఊడి రక్తము కారును. ఎర్రగా కాల్చిన కొడవలితో వాత పెట్టరాదు.

కొమ్ములేని మేకలతో జతకట్టుట

కొమ్ములు లేకుండ పుట్టు పోతును, పెంటిని జతకట్టిన ఈ బాధే ఉండదు గదా అని మీకు తోచవచ్చును. ఇందులో ఒక చిక్కు కలదు. రెండును పుట్టుకతో కొమ్ములేనివైనచో, వాటి సంతతిలో పెంటిపిల్లలుగా పుట్టవలసినవి కొన్ని ఆడా మగా కాని గొడ్డులుగా పుట్టును. ఐరోపా జాతి మేకలలో ఈ సంగతి బాగుగా రుజువైనది. దీనికి మూలమైన జన్యులోపమును ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 2001లో కనుగొనిరి. కావున జతలో ఒకదానికి పుట్టుకతో కొమ్ములుండునట్లు చూచుకొనుడు. కాల్చి తీసిన మేక ఈ లెక్కలో కొమ్ములున్నదే యగును.

ముగింపు

చేనిని కలుపు తీసిన మరుసటి వారము మరల చూచెడి రైతే పంట దక్కించుకొనును. కొమ్ములు కాల్చిన పిల్లలను గూడ అట్లే చూడవలెను. మొదటి రెండు నెలలు వారమున కొకసారి, పిమ్మట గిట్టలు కత్తిరించు దినమున ప్రతి మేక తలను చేతితో తడవి చూచుట అలవాటు చేసికొనుడు. ఖర్చులేని ఈ అలవాటే మీ మేకల కండ్లను, మీ సొమ్మును కాపాడును.