ముందు హద్దు, పిదప మొక్క – మూసీ గట్టు రక్షణ



వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, హైదరాబాదును దాటి సూర్యాపేట ప్రక్కగా ప్రవహించి, మిర్యాలగూడ దిక్కున వాడపల్లికడ కృష్ణలో గలియుచున్నది. సోలిపేటయొద్ద 1963లో పూర్తియైన ప్రాజెక్టు ముప్పదివేల ఎకరములకు పైగా తడుపుటకు ఏర్పడినది. 2019 అక్టోబరులో అచ్చటి గేటొకటి కొట్టుకొనిపోగా, నిలువయున్న నీరు కన్నులయెదుటనే దిగువకు పోయెను. గట్టు సంగతియు నిట్టిదే. ఒక్కచోట తెగిన, నష్టము పదుగురిది.

అయినను గట్టు రక్షణ యనగానే రైతు, "నా పట్టా పోవునా? నా మోటారు తీయింతురా?" యని శంకించును. ఈ శంక తప్పు గాదు. హద్దు తేల్చక నాటిన మొక్కలను మేకలకంటె ముందు మనుష్యులే పెరికివేయుట మేము చూచితిమి. కావున ఈ క్రింది వరుసను పాటింపవలెను.

మొదటిది హద్దు. ఇరుప్రక్కల రైతుల యెదుట సర్వే జరిపించి రాళ్లు పాతింపవలెను. ఏటి గర్భము సర్కారుది. పట్టాలోని గట్టు రైతుదే. అందు చెట్లు పెంచినను పట్టా మారదనియు, గడ్డియు ఫలమును అతనివేయనియు ముందుగా వ్రాసికొనవలెను.

రెండవది నాటుట. నీటి యంచున వట్టివేరు, దానిపైన వెదురు, ఆపైన కానుగ, నేరేడు నాటుడు. వేళ్లు మట్టిని బట్టును; గడ్డి చేని మట్టిని, మందులను చాలవరకు అడ్డగించును. పశువులు నీటికి దిగుటకును, మోటారు గొట్టములకును దారులు విడువవలెను.

మూడవది ఇసుక. ఇసుక నీటిని దాచు గాదె. దానిని లోతుగా త్రవ్వినచో ఏటి మట్టము దిగి, ప్రక్క బావులు ఎండును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ఇసుక త్రవ్వకమును అదుపు చేయుటకు వీలు గల్పించినది. ఊరివారందరు కలిసి విన్నవించినచో అర్జీకి బలము హెచ్చు.

నాల్గవది వంతు. ఎగువవాని మోటారు రేయింబవళ్లు నడచిన, దిగువవాని నాటు ఎండును. సాగర్ ఎడమకాలువ క్రింది కోదాడ, మిర్యాలగూడ రైతులకు చివరి భూముల బాధ తెలియనిది గాదు. నీటి యాజమాన్యమున రైతులకు పాలుండవలెనని 1997 నాటి చట్టము చెప్పినది. ఆ సూత్రముననే మోటార్ల గంటలను పంచుకొనుడు. నీరు తగ్గిన దినములలో ముందుగా త్రాగునీరు, పశువులు, పిదప పైరు.

గట్టు కాచినవాడు తన చేనినే కాచికొనును. ఈ వేసవిలో హద్దురాళ్లు, తొలకరిలో మొక్కలు, ఇంతమాత్రము చేయుడు.