సొంత కారుతో రేస్ ట్రాక్ మీద ఒక రోజు: లెక్కలు, జాగ్రత్తలు

అమెరికా వచ్చిన కొత్తలో ఒక పాత కరోలా, ఉద్యోగం కుదురుకున్నాక కామ్రీ, పిల్లలు పుట్టాక వాను. మనలో చాలామంది కార్ల చరిత్ర ఇంతే. ఈ మధ్యలో ఎప్పుడో, గ్రీన్ కార్డు వచ్చినప్పుడో, బోనసు చేతికందినప్పుడో, కాస్త పౌరుషం ఉన్న కారు ఒకటి ఇంటికొస్తుంది. 300 గుర్రాల బలమున్న ఆ కారుని మనం ఆఫీసుకీ, ఇండియన్ గ్రోసరీకీ తిప్పుతుంటాం. ఏదో ఒక రాత్రి ఫ్రీవే ఖాళీగా కనిపిస్తే ఒక్కసారి గట్టిగా తొక్కి చూడాలనిపిస్తుంది.

దయచేసి అక్కడ తొక్కకండి. కాలిఫోర్నియాలో గంటకి 100 మైళ్ళు దాటి పట్టుబడితే లైసెన్సు మీద రెండు పాయింట్లు పడతాయి. ఆ తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి, ఇన్సూరెన్సు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ రోడ్డు మీద మిగతావాళ్ళకి మీరు అంత వేగంగా వస్తున్నారని తెలియదు. ఆ సరదా తీర్చుకోవడానికి వేరే చోటుంది. దాని గురించే ఈ నెల వ్యాసం. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని, మెకానిక్‌ని కాను. కానీ కొన్నేళ్ళుగా ఏటా మూడు నాలుగుసార్లు ట్రాక్ మీదకి వెళ్ళి వస్తున్నాను. కంప్యూటర్ సైన్సు చదువుకున్నవాడికి ఇందులో నచ్చేదేమిటంటే, దాదాపు ప్రతి జాగ్రత్త వెనకా ఒక లెక్క ఉంటుంది.

ట్రాక్ డే అంటే ఏమిటి?

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఇది పందెం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీ, అదీ పందెం. ట్రాక్ డేలో గెలుపోటములు ఉండవు, బహుమతులు ఉండవు, కొత్తవాళ్ళకి స్టాప్‌వాచీ కూడా ఉండదు. అమెరికాలో దీన్ని హెచ్‌పీడీఈ అంటారు. అంటే వేగంగా నడపడంలో శిక్షణ అన్నమాట. బీఎండబ్ల్యూ క్లబ్బు, పోర్షే క్లబ్బు, ఎస్‌సీసీఏ, నాసా లాంటి సంస్థలు వీటిని నడుపుతాయి. ఈ నాసా రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్! బీఎండబ్ల్యూ క్లబ్బు వాళ్ళ కార్యక్రమాలకి చాలాచోట్ల వేరే కార్లనీ రానిస్తారు.

డ్రైవర్లని అనుభవాన్ని బట్టి గుంపులుగా విడదీస్తారు. ఒక్కో గుంపుకి సుమారు 20 నిమిషాల సెషన్లు, రోజుకి నాలుగైదు. మధ్యలో క్లాసులు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు, పక్క సీట్లో శిక్షకుడు కూర్చునే కార్యక్రమాన్నే ఎంచుకోండి. కొన్ని చవక ట్రాక్ డేలలో శిక్షకులు ఉండరు. అక్కడ మిగిలే వంద డాలర్ల కోసం ఆశపడితే, కోడ్ రివ్యూ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టినట్టే.

బే ఏరియా వాళ్ళకి అందుబాటులో ఉన్న మంచి ట్రాక్ థండర్‌హిల్. శాక్రమెంటోకి ఉత్తరాన విల్లోస్ అనే ఊరి దగ్గరుంది. చుట్టుపక్కలంతా వరి పొలాలు, గోదావరి జిల్లాల వాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. ప్రధాన ట్రాక్ పొడవు సుమారు 3 మైళ్ళు, 15 మలుపులు. లగూనా సెకా లాంటి పేరున్న ట్రాక్‌ల కంటే ఇక్కడ పక్కన ఖాళీ నేల ఎక్కువ. తప్పు జరిగితే గోడకి కొట్టుకునే బదులు దుమ్ములోకి వెళ్ళే అవకాశం ఎక్కువన్నమాట. మొదటి ట్రాక్‌ని ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోవాలి, పేరు కాదు.

బ్రేకుల లెక్క

కారు శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంటర్మీడియెట్‌లో చదువుకున్నాం. 1500 కిలోల కారు 60 మైళ్ళ వేగం నుంచి ఆగితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 540 కిలోజౌళ్ళు. అదే కారు 120 నుంచి 60కి తగ్గితే సుమారు 1620 కిలోజౌళ్ళు, అంటే సరిగ్గా మూడు రెట్లు. రెంటిలోనూ తగ్గింది 60 మైళ్ళే! ఈ 1620 కిలోజౌళ్ళతో దాదాపు 5 లీటర్ల మామూలు నీళ్ళని మరిగే వేడికి తేవచ్చు. థండర్‌హిల్‌లో మెయిన్ స్ట్రెయిట్ చివర బలమైన కారు ఇంచుమించు ఇలాంటి పనే రెండు నిమిషాలకోసారి చేస్తుంది. మిగతా మలుపుల దగ్గర తొక్కేది దీనికి అదనం.

ఆ వేడిలో కొంత బ్రేక్ ఫ్లూయిడ్‌కి చేరుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే. డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్లు గాలిలోని తేమని పీల్చుకుంటాయి. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఫ్లూయిడ్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి చేరుతుంది. ఆవిరిని నొక్కితే అది నలుగుతుంది, అంతే. పెడల్ నేలకి తాకుతుంది, కారు మాత్రం ఆగదు.

నాకు తెలిసిన ఒక కుర్రవాడికి ఇదే జరిగింది. జులై ఎండ, మూడో సెషను. కారు కొని నాలుగేళ్ళయినా ఫ్లూయిడ్ మార్పించలేదు. మలుపు దగ్గర తొక్కితే పెడల్ మెత్తగా కిందకి పోయింది. అదృష్టవశాత్తూ ఎదురుగా గోడ లేదు. ఎండుగడ్డిలో వంద గజాలు వెళ్ళి ఆగాడు. దిగి వచ్చి, "అన్నా, పొద్దున్న బాగానే పట్టింది కదా" అన్నాడు. నిజమే, పొద్దున్న బాగానే పట్టింది. ఫ్రీవే మీద ఇంకో రెండేళ్ళు కూడా బాగానే పట్టేదేమో. లోడ్ పెరిగితే తప్ప బయటపడని బగ్గు ఇది.

కాబట్టి, వెళ్ళేముందు చేయవలసినవి:

1. బ్రేక్ ఫ్లూయిడ్ పూర్తిగా మార్పించండి. మరిగే ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్న మంచి డాట్ 4 పోయించండి. పేరులో పోలిక ఉన్నా డాట్ 5 సిలికాన్ రకం, మామూలు వ్యవస్థలో పోయకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే.

2. ప్యాడ్లు కనీసం సగం మందం మిగిలి ఉండాలి. తిరిగి ఇంటికి కూడా వాటితోనే రావాలి మరి.

3. లక్షణాలు గుర్తుపట్టండి. పెడల్ గట్టిగానే ఉండి కారు సరిగా ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి. పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్ మరుగుతోంది. ఏది అనిపించినా "ఈ ఒక్క రౌండు" అనుకోకండి. మెత్తబడితే పెడల్‌ని రెండు మూడుసార్లు కొట్టి ఒత్తిడి తెచ్చుకోండి. వేగం తగ్గించి పిట్‌లోకి వచ్చేయండి.

టైర్లు, సామాను, వినాయకుడు

టైరు పక్కన డాట్ అనే అక్షరాలున్న అంకెల వరసలో చివరి నాలుగు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పాతబడి బిరుసెక్కిన టైరుకి గాడి ఎంత లోతున్నా పట్టు ఉండదు. ట్రాక్ మీద వేడెక్కేకొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి సుమారు 1 పీఎస్ఐ అని గుర్తుంచుకోండి. సెషన్ అవగానే కొలిచి, శిక్షకుడు చెప్పినంత తగ్గించండి. సాయంత్రం టైర్లు చల్లారాక మళ్ళీ మామూలు ఒత్తిడికి నింపడం మరిచిపోకండి. చక్రాల నట్లని టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో ఉన్న అంకెకి బిగించండి. మధ్యాహ్నం ఇంకోసారి సరిచూడండి. ఇంజిన్ ఆయిలు పై గీత దాకా ఉండాలి.

తర్వాత కారు ఖాళీ చేయాలి. నీళ్ళ సీసా, ఫోన్ ఛార్జరు, డ్రైవరు వైపు మ్యాటు, వెనక పిల్లల సీటు, డిక్కీలో వారం క్రితం కొన్న బియ్యం బస్తా, అన్నీ దింపేయాలి. నీళ్ళ సీసా దొర్లి బ్రేక్ పెడల్ కిందకి చేరితే ఎంత మంచి ఫ్లూయిడ్ పోసినా ఒకటే. డ్యాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి కూడా ఆ రోజుకి తీసి, భద్రంగా సంచిలో పెట్టండి. ఆయన కింద ఉన్న జిగురు ఫ్రీవే కోసం చేసింది.

హెల్మెట్ కొనేటప్పుడు స్నెల్ ఎస్ఏ ముద్ర ఉన్నది కొనండి. ఎస్ఏ 2020, ఎస్ఏ 2025 ఇప్పుడున్న తాజా ప్రమాణాలు. మోటార్ సైకిల్ వాళ్ళ ఎం ముద్ర హెల్మెట్ చవకే, కానీ ఎస్ఏ రకానికి నిప్పుని తట్టుకునే పరీక్ష, రోల్ బారు లాంటి దానికి కొట్టుకుంటే ఏమవుతుందనే పరీక్ష అదనంగా ఉంటాయి. నూలు బట్టలు, నిండు ప్యాంటు, పలచని అడుగున్న బూట్లు వేసుకోండి.

ఇన్సూరెన్సు కాగితం చదవండి

చాలామంది దాటేసే భాగం ఇది. పాలసీలో "రేసింగ్" అన్న మాట ఒక్కటే వెతికి, ఇది రేసు కాదు కదా అని ధైర్యపడకండి. కొన్ని పాలసీలలో రేసుల కోసం కట్టిన స్థలంలో జరిగే శిక్షణకి కూడా వర్తించదని విడిగా రాసి ఉంటుంది. మినహాయింపుల పేజీ మొత్తం చదవండి. వర్తించకపోతే ఆ ఒక్క రోజుకి మీ కారు నష్టానికి విడిగా పాలసీ అమ్మేవాళ్ళున్నారు. లీజు కారయితే ఒప్పందం చూడండి. ట్రాక్ గేటు దగ్గర సంతకం పెట్టించుకునే కాగితంలో మీ హక్కులు చాలావరకు వదులుకుంటున్నారు. ఇనప కంచె విరిస్తే డబ్బు కట్టమనే ట్రాక్‌లూ ఉన్నాయి.

జీవిత బీమా, ఆరోగ్య బీమా కాగితాలూ తీసి చూడండి. చాలా ఇళ్ళలో జీతం ఒక్కటే, ఇక్కడ అప్పు, అక్కడ అమ్మానాన్నల మందులు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళే సరదా కాదిది. కారు మొత్తంగా పోతే తట్టుకోగలమా అని భార్యాభర్తలు కూర్చుని లెక్క వేసుకోండి. తట్టుకోలేమనుకుంటే చవకైన పాత మియాటాతో నేర్చుకోవచ్చు. పాఠం అదే, ఖర్చు తక్కువ.

జెండాలు, చేతి సైగలు

ట్రాక్ మీద ప్రోటోకాల్ జెండాలతో నడుస్తుంది. పసుపు అంటే ముందు ప్రమాదం ఉంది, నిదానించండి, ఎవరినీ దాటకండి. ఎరుపు అంటే అద్దంలో వెనక చూసుకుంటూ మెల్లగా ఆగండి. నలుపు మీకు చూపిస్తే పిట్‌లోకి రండి. నలుపులో నారింజ చుక్క ఉంటే మీ కారులోనే ఏదో లోపం. ఎరుపు పసుపు చారలు ఉంటే ట్రాక్ మీద ఆయిలో, రాళ్ళో ఉన్నాయి. కొన్ని వివరాలు సంస్థని బట్టి మారతాయి, కనుక పొద్దుటి మీటింగుకి తప్పక వెళ్ళండి.

కొత్త గుంపుల్లో ఒకరినొకరు దాటడం నిర్ణయించిన చోట్ల మాత్రమే, అదీ ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి ఏ పక్కనుంచి వెళ్ళాలో చూపించాకే. వెనక వేగంగా వచ్చే కారు కనిపిస్తే పంపించేయండి. మీ 300 గుర్రాల కారుని పాత మియాటా దాటిపోతే నామోషీ ఏమీ లేదు. ఆ నడిపేవాడు పదేళ్ళుగా వస్తున్నాడేమో!

నడపడంలో మూడు సూత్రాలు

మొదటిది, టైరుకి ఉన్న పట్టు ఒక బడ్జెట్. బ్రేకుకీ, మలుపుకీ అందులోంచే ఖర్చు పెట్టాలి. ఇది పైథాగరస్ సూత్రం లాంటిది. మొత్తం పట్టు 100 అనుకుంటే, బ్రేకుకి 80 వాడుతున్నప్పుడు మలుపుకి 60 మిగులుతుంది, 100 వాడితే సున్నా. అందుకే కొత్తవాళ్ళకి "నిటారుగా ఉండగానే బ్రేకు పని ముగించు, తర్వాత తిప్పు" అని నేర్పిస్తారు.

రెండోది, మలుపుకి కావలసిన పట్టు కూడా వేగం వర్గమే. 60తో తిరిగే మలుపులో 66తో వెళ్తే 10 శాతం కాదు, 21 శాతం ఎక్కువ పట్టు కావాలి. వేగం ఎక్కువయిందని మలుపు మధ్యలో కంగారుగా గ్యాస్ వదిలేస్తే బరువు ముందుకి తూలి, వెనక చక్రాలు తేలికై కారు గిర్రున తిరగవచ్చు. మొదటి రోజుల్లో స్టెబిలిటీ కంట్రోలు ఆపకండి. రెండు చక్రాలు ట్రాక్ దిగిపోతే వెంటనే లాగి పైకి తేవడానికి ప్రయత్నించవద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం తగ్గాక మెల్లగా రండి. కారు తిరిగిపోతే క్లచ్చూ బ్రేకూ రెండూ పూర్తిగా నొక్కి పట్టండి. ఆటోమేటిక్ అయితే బ్రేకు చాలు.

మూడోది చూపు. 120 మైళ్ళ వేగమంటే సెకనుకి 176 అడుగులు. బానెట్ ముందు చూస్తే ఆలోచించే వ్యవధి ఉండదు. తర్వాతి మలుపుని, ఆ దారిలో జెండా పట్టుకున్న మనిషిని చూడండి. థండర్‌హిల్‌లో ఐదో మలుపు దగ్గర గుట్ట మీదకి ఎక్కేటప్పుడు అవతలి వైపు కనిపించదు. అక్కడ మీ కళ్ళు ఆ జెండా మనిషే.

సెషన్ ముగిశాక

చివరి రౌండు బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిరగండి, అంతా చల్లబడుతుంది. ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకండి. గేరులో పెట్టి చక్రం కింద చెక్క పెట్టండి. ఎండాకాలం విల్లోస్‌లో 100 డిగ్రీలు దాటడం మామూలే, కాబట్టి సెషన్ సెషన్‌కీ నీళ్ళు తాగండి. ముందు రోజు రాత్రి రిలీజ్ పని పెట్టుకోకండి. చివరి సెషన్‌కి మనిషీ అలిసిపోతాడు, కారూ అలిసిపోతుంది. ఒళ్ళు బరువుగా అనిపిస్తే దాన్ని వదిలేయండి. డబ్బు కట్టాం కదా అనే లెక్క అక్కడ పనికిరాదు. అనుభవమున్నవాళ్ళు చాలామంది నాలుగింటికే సామాను సర్దేస్తారు.

మొదటి రోజుకి లక్ష్యాలు మూడు పెట్టుకోండి చాలు: అన్ని జెండాలూ చూడగలగడం, ప్రతి రౌండూ ఒకే దారిలో నడపడం, వెళ్ళిన కారులోనే ఇంటికి రావడం. వేగం రెండో సారికో, మూడో సారికో దానంతటదే వస్తుంది. ఆదివారం సాయంత్రం టైర్లలో గాలి సరిచూసి, పిల్లల సీటు మళ్ళీ బిగించండి. వినాయకుణ్ణి ఆయన స్థానంలో కూర్చోబెట్టండి. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే దారిలో పక్క లేనువాడు పందేనికి కవ్విస్తే, నవ్వి వదిలేయడం ఎంత తేలికో మీకే తెలుస్తుంది.